తూచ్ అనేదాకా

మా దొడ్లో గడ్డివాముకీ చింతచెట్టుకీ నడుమ మూడు మంచాలు పట్టేంత జాగా ఉండేది. పెద్దవాళ్ళకి అది పేడతట్ట దించుకునే చోటు. మాకు మాత్రం పొద్దున బెజవాడ బస్టాండు, మధ్యాహ్నం పెళ్ళివారిల్లు, సాయంత్రం ఆసుపత్రి. ఏ వేళకి అది ఏమిటో మా ఆరుగురికీ తెలుసు. నాయనమ్మకి తెలియదు. చీపురు పట్టుకుని తిన్నగా పెళ్ళిపందిట్లోకి నడిచొచ్చేది. "నాయనమ్మా, అక్కడ పీటల మీద పెళ్ళికూతురుంది, తొక్కకు" అని అరిచేవాళ్ళం. ఆవిడ ఠక్కున ఆగి, ఎత్తిన కాలు వెనక్కి తీసుకుని, చుట్టూ తిరిగి వెళ్ళేది. ఆవిడ అలా కాలు వెనక్కి తీసుకోవడం ఇప్పటికీ నా కళ్ళ ముందుంది.

మాది దివిసీమ. కృష్ణమ్మ రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసేలోపు నడుమ మిగిల్చిన నేల. నాగాయలంకకి నాలుగు మైళ్ళు దిగువన మా ఊరు. తూర్పుగాలి తిరిగితే పెరట్లో ఆరేసిన బట్టలకి కూడా ఉప్పు వాసన పట్టేది. నేను చెప్పే రోజులకి నాకు ఏడేళ్ళు.

కొన్న బొమ్మలంటూ మాకున్నవి లక్కపిడతలే. మాఘపౌర్ణమికి హంసలదీవి తిరునాళ్ళకెళ్ళి, సముద్రస్నానాలు చేసి వస్తూ నాన్న బుట్టెడు కొనిచ్చాడు. పొయ్యి, కుండ, మూకుడు, తిరగలి, రోలు, బిందె, అన్నీ బొటనవేలంత. అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటే లక్క ఒత్తిపట్టి ఆ రంగు ఎక్కిస్తారని, ఏటికొప్పాక లాంటి ఊళ్ళలో అదే బతుకుతెరువని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మిగతా సరుకంతా దొడ్లోదే. తాటాకు మడిచి పెళ్ళికూతురు. రెండు తాటిబుర్రలకి పుల్ల గుచ్చి, పంగలకర్ర తగిలిస్తే బండి. కొబ్బరాకుతో వాచీ, కళ్ళజోడు, బూర. చింతగింజలు డబ్బులు. సన్న ఇసుక అన్నం, ఇటుకపొడి కారం, చేతికందిన ఆకల్లా కూర.

ఈ వంటల్ని నాయనమ్మ గుజ్జనగూళ్ళు అనేది. ఆవిడకి చదువు రాదు. ఆవిడ నోట విన్న ఆ మాటే పాత కావ్యాల్లో ఆడపిల్లల ఆటల మధ్య కనిపించినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. ఇసుకన్నం వండి వడ్డించే పిల్లలు ఈ నేల మీద కొన్ని వందల ఏళ్ళుగా ఉన్నారన్నమాట. రాజ్యాలు పోయాయి, ఆ వంట మిగిలింది.

మా ఆటలన్నిటికీ ఒక్కటే పేరు, ఉత్తుత్తిది. ఇసుక ఉత్తుత్తి అన్నమని అందరికీ తెలుసు, మా తమ్ముడికి తప్ప. వాడికి రెండేళ్ళు కూడా నిండలేదు. ఆటలో అరటిపండు. వడ్డించిన ఇసుక వడ్డించినట్టు నోట్లో పెట్టుకునేవాడు, మేము వేలు పెట్టి కక్కించేవాళ్ళం. మరుసటి ఏడు తిరునాళ్ళ నాటికి, ఆ మధ్యలో జరిగినదంతా జరిగాక కూడా, వాడు చెయ్యి పెదవికి ఆనించకుండానే చప్పరించి, "కారం ఎక్కువైంది" అనడం నేర్చాడు. మా అందరిలో నవ్వు. వాడు దాటినది ఎంత పెద్ద మెట్టో అప్పుడు నాకేం తెలుసు? ఇసుక ఇసుకే, అయినా దాన్ని అన్నం అనుకోవచ్చు. కర్ర కర్రే, అయినా దాన్ని గుర్రం అనుకుని స్వారీ చెయ్యవచ్చు. ఒకదాన్ని ఇంకొకదానికి గుర్తుగా నిలబెట్టడం ఒకసారి పట్టుబడితే, పలక మీద గీసిన వంకరగీతని 'అ' అనుకోవడం కూడా పట్టుబడుతుంది. రష్యాలో విగోత్స్కీ అనే మనస్తత్వవేత్త 1930లలోనే ఈ కర్రగుర్రం సంగతి వివరంగా చెప్పాడు. నాకు మాత్రం అది అర్థమైంది ఆయన పుస్తకంలో కాదు, మా తమ్ముడి నోట్లోని ఇసుకలో.

బస్సు ఆటకి కొబ్బరితాడు ఒకటుంటే చాలు. రెండు కొసలూ ముడేసి లోపల వరసగా నిలబడితే బస్సు. ముందున్నవాడు డ్రైవరు, వెనకున్నవాడు కండక్టరు, చింతరెమ్మ టిక్కెట్టు. అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి మీదుగా బెజవాడ. పులిగడ్డ అక్విడక్టు రాగానే అందరం పక్కకి ఒరిగి కృష్ణని చూడాలి. చూడనివాణ్ణి బస్సు దింపేసేవాళ్ళం.

పక్కింటబ్బాయికి నత్తి. బళ్ళో మేష్టారు పేరడిగితే మొదటి అక్షరం దగ్గరే వాడి మెడనరాలు బిగుసుకుపోయేవి. తరగతంతా నవ్వేది. మా కండక్టరు వాడే. "టిక్కెట్ టిక్కెట్, చిల్లర తియ్యాలమ్మా, లోపలికి జరగాలి, మోపిదేవి దిగేవాళ్ళు ముందుకి రావాలి!" ఒక్కచోట ఆగేవాడు కాదు. మాలో ఎవరికీ అది వింతగా తోచలేదు. కండక్టరుకి నత్తి ఉండదు కదా, అనుకున్నాం. తాడు ముడి విప్పి ఇంటికి పోయేటప్పుడు మళ్ళీ మొదలయ్యేది. ఇంకొకరి వేషంలో మాట్లాడేటప్పుడు కొందరికి నత్తి తగ్గుతుందని మాటలు దిద్దే వైద్యులు చెబుతారు. వాడికి రోజులో ఆ అరగంటైనా తన మాట తనకి స్వాధీనంలో ఉండేది. బడి వాడికివ్వలేనిది కొబ్బరితాడు ఇచ్చింది.

బొమ్మల పెళ్ళికి మాత్రం పెద్ద హంగామా. నిజానికి పెళ్ళి కంటే పంచాయితీకే ఎక్కువ పొద్దు పట్టేది. మగపెళ్ళివారెవరు, ఆడపెళ్ళివారెవరు, పురోహితుడు ఈసారి ఎవరు, నిన్న వాడేగా, ఇవాళా వాడేనా. అలిగి వెళ్ళిపోయినవాళ్ళని బతిమాలి తీసుకురావాలి, లేకపోతే పందిట్లో జనం చాలరు. ఎంత బతిమాలాలో, ఎక్కడ ఆపాలో, ఎవరికి ఏ వేషమిస్తే అలక తీరుతుందో మాకు ఎవరూ నేర్పలేదు. పెళ్ళికూతురి తల్లి వేషం మాత్రం ఎప్పుడూ చెరువుగట్టు మీది ఇంటి పిల్లదే. ఆ వేషానికి పోటీ లేదు. అప్పగింతల దగ్గర అది నిజంగానే కన్నీళ్ళు పెట్టుకునేది. తాటాకుబొమ్మ చెయ్యి మా చేతుల్లో పెట్టి, "మా అమ్మాయికి పొద్దున్నే లేవడం అలవాటు లేదు వదినగారూ, మీరే చూసుకోవాలి" అని దీనంగా అనేది. వాళ్ళ పెద్దక్క పెళ్ళిలో వాళ్ళమ్మ అన్న మాటలే అవి.

ఒక్కోసారి బొమ్మ బదులు మా చెల్లెలు చిన్నక్కనే పీటల మీద కూర్చోబెట్టేవాళ్ళం. దానికి అయిదేళ్ళు. ఇంట్లో జడ వేయించుకునే పాటి సేపు కూడా కుదురుగా కూర్చోని పిల్ల, పెళ్ళికూతురయ్యాక వంచిన తల ఎత్తేది కాదు. ముక్కు మీద ఈగ వాలినా కదిలేది కాదు. మనూయిలెంకో అనే రష్యన్ పరిశోధకురాలు 1948లో ఇలాంటిదే రాసింది. కదలకుండా నిలబడమని ఊరికే చెబితే చిన్నపిల్లలు నిలబడలేరు, నువ్వు కాపలా సిపాయివి అంటే చాలా ఎక్కువసేపు నిలబడతారు. అది చదవగానే నాకు చిన్నక్క ముక్కు మీది ఈగే గుర్తొచ్చింది.

ఇక ఉప్పెన గురించి చెప్పాలి.

1977 నవంబరు 19, శనివారం. వరి కోతకొచ్చి ఉంది. ముందు రోజు నుంచే గాలివాన. ఆ సాయంత్రం సముద్రం ఊళ్ళ మీదికి వచ్చింది. కొన్నిచోట్ల 5 మీటర్ల ఎత్తున వచ్చిందని తర్వాత రాశారు. నాకు తెలిసింది ఒక చప్పుడు, ఆ తర్వాత నాన్న భుజం. మా వీధివాళ్ళు కొందరం బడి డాబా మీద మిగిలాం. రాత్రంతా వానలో ఒకరినొకరు చీరలతో కట్టేసుకుని కూర్చున్నాం. తెల్లారాక కిందికి చూడొద్దని అమ్మ నా కళ్ళు మూసింది, కానీ వేళ్ళ సందుల్లోంచి చూశాను. మొత్తం 10,000 మంది దాకా పోయారని సర్కారు లెక్క. దివిసీమలో ఎవరినడిగినా అంతకంటే ఎక్కువే అంటారు. మా ఆరుగురిలో అయిదుగురం మిగిలాం. చెరువుగట్టు పిల్ల లేదు. దాని ఇల్లూ లేదు, గట్టూ లేదు. లక్కపిడతలు, చింతచెట్టు, ఆ మూడు మంచాల జాగా, ఏవీ లేవు.

తర్వాత రోజుల గురించి అందరికీ తెలిసినదే. హెలికాప్టర్లు, పైనుంచి వేసిన అన్నం పొట్లాలు, మూటలు మూటలుగా బట్టలు, ఎక్కడెక్కడి నుంచో వచ్చి శవాలు పూడ్చి, పాకలు వేసిపెట్టిన మనుషులు. పెద్దవాళ్ళు మాట్లాడటం మానేశారు. మేమూ మానేశాం. నత్తి అబ్బాయి అసలు నోరే విప్పలేదు. మా చిన్నక్క రాత్రిళ్ళు పక్క తడిపేది, గాలి కాస్త గట్టిగా వీస్తే నాయనమ్మ చీరలో దూరేది.

మూడు వారాలయ్యాకేమో, కొత్త పాకల వెనక ఆట మొదలైంది. ఎవరు మొదలెట్టారో గుర్తులేదు. ఆటకి పేరు కూడా పెట్టలేదు. విరిగిన బల్ల ఒకటి డాబా. ఇద్దరు నీళ్ళు. ఒకడు గాలి, నోటితో హోరు చేస్తూ చుట్టూ పరుగెత్తాలి. మిగిలినవాళ్ళు మనుషులు. నీళ్ళు తాకితే పోయినట్టే. పడుకోవాలి, కళ్ళు తెరవకూడదు. మొదట్లో ప్రతిసారీ అందరం పోయేవాళ్ళం. అందరం నేల మీద కళ్ళు మూసుకుని పడుకున్నాక ఏం చెయ్యాలో తోచేది కాదు. కాసేపటికి ఎవరో ఒకరు "తూచ్" అనేవాళ్ళు. అనగానే లేచి కూర్చుని, మళ్ళీ మొదలెట్టేవాళ్ళం.

తూచ్. తెలుగు పిల్లలందరికీ తెలిసిన మాట. ఇది లెక్కలోకి రాదు, ఆట ఆపు, అని. దొడ్లో ఆడుకునే రోజుల్లో ఆ మాటకి నేను ఏ విలువా ఇవ్వలేదు. పాకల వెనక ఆ రోజుల్లో మాకున్న ఆస్తి ఆ ఒక్క మాటే అని ఇప్పుడనిపిస్తుంది. నిజం ఉప్పెన ఎవరి మాటా వినలేదు. మా ఉప్పెన ఏడేళ్ళ పిల్ల తూచ్ అంటే ఆగిపోయేది.

పెద్దవాళ్ళు చూశారు. చూసి అదిరిపోయారు. "పాడు ఆటలు! నోళ్ళు పడిపోను!" అని ఒకావిడ మామీదికి చీపురు విసిరింది. ఆవిణ్ణి తప్పు పట్టను. కడుపుకోత మీద ఆడుకుంటున్నామనిపించి ఉంటుంది. నాలుగు రోజులు మానేసి, ఇంకాస్త దూరంగా, బోదె అవతల మొదలెట్టాం. ఈలోగా ఆట మారుతూ వచ్చింది. హెలికాప్టరు వచ్చింది. పొట్లాలొచ్చాయి. గాలి వేషం వేసినవాడు ఒకరోజు అలిసిపోయి, "నేనిక గాలి కాదు, మిలిటరీవాణ్ణి" అన్నాడు. నత్తి అబ్బాయి బల్ల మీదికెక్కి, కొబ్బరితాడు ముక్క కిందికి వదిలి, "ఎక్కాలి ఎక్కాలి, పిల్లలు ముందు, జరగాలి జరగాలి" అని అరిచాడు. ఉప్పెన తర్వాత వాడి నోట మేము విన్న మొదటి మాటలు అవే. కండక్టరు గొంతు.

ఆ తర్వాత రోజు చిన్నక్క, "నేను పెళ్ళికూతురి వాళ్ళమ్మని" అంది. అందరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఎవరూ వద్దనలేదు. అది నీళ్ళలో పడింది, నత్తి అబ్బాయి తాడు వేశాడు, అందరం కలిసి బల్ల మీదికి లాగాం. చిన్నక్క గుండెల మీద చెయ్యేసుకుని, "మా అమ్మాయి ఏదీ, వదినగారూ?" అంది, అచ్చం ఆ పిల్లలాగే. అప్పుడు చూశాం, బోదె గట్టు మీద చెరువుగట్టు పిల్ల తల్లి నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. మేము కొయ్యబారిపోయాం. ఆవిడ దగ్గరికొచ్చింది. తిట్టలేదు, ఏడవలేదు. "రేపు కూడా దాన్ని పైకి లాగండమ్మా" అని, చిన్నక్క తల నిమిరి వెళ్ళిపోయింది.

లాగాం. రోజూ లాగాం. సంక్రాంతి దాటాక ఏనాడో ఆ ఆట దానంతటదే వెనకబడిపోయింది. బల్ల మళ్ళీ బస్సయింది. చిన్నక్క పక్క తడపడం మానేసింది. ఆట వల్లే మానేసిందని ఒట్టేసి చెప్పలేను. కాలం కూడా తన పని తాను చేసుకుపోతుంది కదా. నేను చూసింది చూసినట్టు చెబుతున్నాను.

పెద్దయ్యాక అంగన్‌వాడీ టీచరునయ్యాను. ముప్పై ఏళ్ళు చేశాను. ఆ కాలంలో పిల్లల ఆటల గురించి దొరికినవన్నీ చదివాను, దొరికిన శిక్షణకల్లా వెళ్ళాను. అమెరికాలో చౌచిల్లా అనే ఊళ్ళో 1976లో, అంటే మా ఉప్పెనకి ఏడాది ముందు, బడి బస్సులోని 26 మంది పిల్లల్ని దుండగులు ఎత్తుకుపోయి భూమిలో పాతిపెట్టిన వ్యానులో బంధించారు. పిల్లలందరూ ప్రాణాలతో బయటపడ్డారు. వాళ్ళని ఏళ్ళ తరబడి గమనించిన డాక్టరు లెనోర్ టెర్ ఒక మాట రాశారు. ఆ పిల్లలూ ఎత్తుకుపోయే ఆట ఆడుకున్నారట. కానీ చాలామంది ఆట మారలేదు, ఎన్నిసార్లు ఆడినా అదే కథ, ఎంత ఆడినా భయం తగ్గలేదు. ఇది చదివి చాలా రోజులు ఆలోచించాను. మా ఆట మారింది. తాడొచ్చింది, హెలికాప్టరొచ్చింది, మునిగిన పిల్ల పైకొచ్చింది. అందుకే నా దగ్గరికి వచ్చిన పిల్లల ఆటల్లో నేను మొదట చూసేది ఆ మార్పే. ఒక బాబు రోజూ బొమ్మని ఒకేలా కొడుతూ, ఒకే తిట్టు తిడుతూ, వారాలు గడిచినా అదే చేస్తుంటే, ఆ ఇంట్లో ఏదో ఉందని గ్రహించాలి. అప్పుడు పెద్దవాళ్ళ చెయ్యి కావాలి, అవసరమైతే డాక్టరు చెయ్యి కూడా. తనంతట తాను దారి మార్చుకునే ఆటని మాత్రం ముట్టుకోకూడదు.

ఇంకొకటి కూడా దాచకుండా చెప్పాలి. ఉత్తుత్తి ఆటలు ఆడితే పిల్లల తెలివి పెరుగుతుందని, మాటలు త్వరగా వస్తాయని, లెక్కలు బాగా చేస్తారని ఊదరగొట్టేవాళ్ళున్నారు. 2013లో ఏంజెలిన్ లిలార్డ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు అంతవరకూ వచ్చిన అధ్యయనాలన్నిటినీ జల్లెడ పట్టారు. వీటిలో చాలావాటికి ఆటే కారణమని చెప్పడానికి రుజువులు చాలవని తేల్చారు. అది చదివి నాకు బాధేమీ కలగలేదు. మా దొడ్డి ఆటలకి నేనెప్పుడూ మార్కులు అడగలేదు. నత్తి అబ్బాయికి అరగంట గొంతు దొరకడం, మా అందరికీ ఒక పిల్లని నీళ్ళలోంచి లాగడం దొరకడం, ఇవి ఏ పరీక్ష పేపరులో దొరుకుతాయి?

మా కేంద్రానికి పిల్లల్ని పంపే తల్లుల్లో కొందరికి నా మీద ఒకే ఫిర్యాదు. "టీచరమ్మా, పొద్దస్తమానం ఆటలేనా? పక్క ఊరి కాన్వెంటులో మూడేళ్ళకే ఏబీసీడీలు రాయిస్తున్నారు." కొందరు మాన్పించి తీసుకెళ్ళేవాళ్ళు కూడా. ఒకసారి బస్సులో అలాంటి పాప ఒకతి కనిపించింది. ఒళ్ళో నాలుగుగీతల పుస్తకం. ఏం ఆడుకుంటున్నావమ్మా అనడిగితే నాకు టైం లేదు టీచర్ అంది. ఆ పాపకి నాలుగేళ్ళు. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా చదువు ఆటల మీదే సాగాలని అంటోంది. కాగితం మీది ఆ మాట ఆ పాప ఒళ్ళోని పుస్తకం దాకా వచ్చేదెప్పుడో.

కరోనా తగ్గి కేంద్రం మళ్ళీ తెరిచిన రోజుల్లో పిల్లలు నాకొక ఆట చూపించారు. ఒకరు కుర్చీలో కూర్చోవాలి, ఇంకొకరు చీపురుపుల్ల ముక్కు దాకా తెచ్చి, "పాజిటివ్!" అని అరవాలి. పాజిటివ్ వచ్చినవాణ్ణి మూల చాప మీద పడుకోబెట్టి, దూరం నుంచి పళ్ళెం తోస్తారు. మా ఆయా ఉలిక్కిపడి ఆపబోయింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. పదో రోజుకి చాప మీది వాడు లేచి, డాక్టరుకే పుల్ల పెట్టాడు. ఆ రోజు గదంతా నవ్వులే.

తల్లులారా, తండ్రులారా, మిమ్మల్ని ఖరీదైన బొమ్మలు కొనమనడం లేదు. నాలుగు గిన్నెలు, ఒక పాత చీర, కాస్త ఇసుక, రోజుకి గంట పొద్దు ఇవ్వండి. వాళ్ళు చావు ఆట ఆడినా, పోట్లాట ఆట ఆడినా చీపురు విసరకండి. కాస్త ఎడంగా నిలబడి చూడండి. దారిలో పెళ్ళికూతురు ఉందంటే కాలు వెనక్కి తీసుకోండి. అన్నం చల్లారిపోతున్నా ఫరవాలేదు, ఆట మధ్యలో పిలవకండి. వాళ్ళంతట వాళ్ళు తూచ్ అనేదాకా ఆగండి.